ఉత్తమ శాస్త్రీయ కథనం

మల్సూర్ తెమడ పరీక్ష మూడోసారీ నెగెటివే వచ్చింది.

వందన స్లైడును మైక్రోస్కోపు కింద ఈ అంచు నుంచి ఆ అంచుకు ఓపిగ్గా జరుపుతూ మొత్తం చూసింది. టీబీ ఉంటే నీలం రంగు మధ్య సన్నటి ఎర్ర పుల్లల్లా క్రిములు కనిపించాలి. ఒక్కటీ లేదు. అనుమానం తీరక నూనె చుక్క తుడిచి, మళ్లీ వేసి చూసింది. లేదు. రిపోర్టు తీసి, సంతకం పెట్టి, కవర్లో వేసి ఇచ్చింది. పావుగంటకు మల్సూర్ పక్క సందులోని దవాఖాన నుంచి చీటీ పట్టుకుని తిరిగొచ్చాడు. దాని మీద మళ్లీ ఆ టీబీ మందులే ఉన్నాయి.

"ఈ గోలీలు మింగితె మూత్రం ఎర్రగ వస్తది చెల్లె. కడుపుల మంట. దమ్ము మాత్రం అట్లనే ఉంటది," అన్నాడు.

అని, ల్యాబు ముందున్న బెంచీ మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్లకు ఆనించి ముందుకు వంగాడు. అలా వంగితేనే అతనికి కాస్త గాలి ఆడుతుంది. ఊపిరి లాగినప్పుడల్లా మెడ నరాలు తాళ్లలా బిగుసుకుంటున్నాయి. భార్య సోమమ్మ మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని గోడ మీది క్యాలెండరును చూస్తూ కూర్చుంది. అడగాల్సినవన్నీ మొదటిసారే అడిగేసింది.

వాళ్లది మేళ్లచెరువు దగ్గర రాళ్లవాగు. ధాత్రీశ్వర సిమెంట్స్ వాళ్ల సున్నపురాయి గని ఆ ఊరికి కూతవేటు దూరం. మల్సూర్ అక్కడ క్రషర్ మీద పదహారేళ్లు కాంట్రాక్టు కూలీగా చేశాడు. అతనితో కలిపి అక్కడ చేసిన పదకొండు మందిలో ఏడుగురు ఇప్పుడు టీబీ మందులు మింగుతున్నారు. ఆ ఏడుగురి తెమడా వందన చేతుల మీదుగానే పోయింది. ఏడూ నెగెటివే.

వందన పొద్దున కోదాడలోని ఈ ల్యాబులో పనిచేస్తుంది, మధ్యాహ్నం నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాస్తుంది. మొన్న ఎండాకాలం ఆమె ఇరవై స్టీలు పళ్లేలకు పల్చగా వాజలీను పూసి, ల్యాబు త్రాసు మీద తూచి, పదింటిని రాళ్లవాగు ఇళ్ల కప్పుల మీదా పదింటిని కోదాడ మేడల మీదా ఒక రోజంతా ఉంచింది. మర్నాడు మూతలు పెట్టి తెచ్చి మళ్లీ తూచింది. రాళ్లవాగు పళ్లేల మీద పడ్డ దుమ్ము కోదాడ దానికి తొమ్మిదింతలుంది. ఆ సంగతీ మల్సూర్ సంగతీ కలిపి వార్త రాసి సూర్యాపేట ఆఫీసుకు పంపింది. రెండు నెలలైంది. అది డెస్కు ఇన్‌చార్జి సాగర్ కంప్యూటర్లోనే కూర్చుంది.

ఆ మధ్యాహ్నం సాగరే ఫోన్ చేశాడు. సోమవారం నుంచి మూడు రోజులు సూర్యాపేటలో విలేకరులకు సైన్స్ జర్నలిజం మీద శిక్షణ ఉందని, నాలుగో రోజు మిర్యాలగూడలో అవార్డుల సభ అని, పత్రిక తరఫున ఆమె పేరు ఇచ్చానని చెప్పాడు. ఖర్చంతా ధాత్రీశ్వర ఫౌండేషన్‌దే. ఆ గని కంపెనీ వాళ్లదేనా అని అడిగింది వందన.

"నీ మనసుల ఏమున్నదో నాకు తెల్సు," అన్నాడు సాగర్. "గాడ క్లాసులు చెప్పేది కాశీరాం సారు. ఆయన కంపెనీ మనిషి కాదు. నలభై ఏండ్ల నుంచి సైన్స్ రాస్తున్నడు. నీ దుమ్ము వార్త ఆయనకు సూపియ్యి. మంచిగున్నదని ఆయనంటె నేను ఆపను. మా పైవోళ్లు అడిగినా ఆయన పేరు చెప్త."

ఆ ఒక్క మాట మీద ఆశ పెట్టుకునే వందన వెళ్లింది.

హైవే పక్కన హోటల్లో, మొదటి అంతస్తు హాలు. గుమ్మం దగ్గర ఫౌండేషన్ తరఫున దీప అనే అమ్మాయి నవ్వుతూ అందరికీ సంచీ, నోటుపుస్తకం, పెన్ను ఇచ్చింది. మూడింటి మీదా కంపెనీ గుర్తుంది. ఇరవై ఆరు మంది విలేకరులొచ్చారు. చాలామంది వెనక వరసలో కూర్చుని ఏసీ చల్లదనానికి కాళ్లు చాపుకున్నారు. వందన ముందు వరసలో కూర్చుంది. బీఎస్సీ అయిపోయి పన్నెండేళ్లయినా, బోర్డుకు ఎదురుగా కూర్చోగానే ఆమె చేయి దానంతటదే పుస్తకం తెరిచి తారీఖు వేసింది.

కాశీరాంకు డెబ్బై దాటి ఉంటాయి. నలిగిన ఖాదీ చొక్కా, తాడు కట్టిన కళ్లద్దాలు. అతను తెర మీద బొమ్మలేమీ చూపించలేదు. అందరి చేతా తలో రూపాయి బిళ్ల తీయించి, పదిసార్లు ఎగరేయమన్నాడు. ఎవరికెన్ని బొమ్మలు పడ్డాయో అడుగుతూ పోయాడు. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన ఒకతనికి తొమ్మిది పడ్డాయి. "ఈయన బిళ్లలో మోసం ఉందని వార్త రాద్దామా?" అని అడిగాడు కాశీరాం. అందరూ నవ్వారు. ఇరవై ఆరు మంది ఎగరేస్తే ఎవరో ఒకరికి అలా పడటం పెద్ద వింతేమీ కాదని, ఒక ఊళ్లో పది మందికి ఒకే జబ్బు వచ్చిందని విన్నప్పుడు కూడా ముందు ఈ బిళ్లను గుర్తు తెచ్చుకోవాలని చెప్పాడు. వందన అది రాసుకుంది. రాసుకుంటుండగా రాళ్లవాగు ఏడుగురూ గుర్తొచ్చి, కలం కాసేపు ఆగింది.

అతను చెప్పేది నిజం. అదే ఆమెకు కష్టంగా ఉంది. ఎక్కడన్నా అబద్ధం దొర్లితే పట్టుకోవాలని వచ్చిన మనిషికి మూడు రోజుల్లో ఒక్క అబద్ధం దొరకలేదు.

రెండో రోజు బస్సులో ఫ్యాక్టరీకి తీసుకుపోయారు. గేటు లోపల గులాబీ తోట, తడిపిన రోడ్డు, గాలిలో దుమ్మెంతుందో ఎప్పటికప్పుడు పచ్చటి అంకెల్లో చూపించే పెద్ద బోర్డు. అందరూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. గాలిని కొలిచే మిషన్ ఎక్కడుందని వందన దీపను అడిగింది. గేటు పక్కనే, తోటలో ఉందని చెప్పింది దీప. క్రషర్ దగ్గర లేదా అని అడిగితే, అది గని లీజు కిందికి వస్తుందని, తను చూసేది ఫ్యాక్టరీ ఒక్కటేనని మర్యాదగానే చెప్పి, అందరినీ టీకి పిలిచింది.

ఆ సాయంత్రం వందన తన వార్త ప్రతిని కాశీరాం చేతికిచ్చింది. హోటల్ కింద, కిటికీ పక్క టేబులు దగ్గర కూర్చుని అతను రెండుసార్లు చదివాడు. పళ్లేల దగ్గరికి రాగానే తలెత్తి, ఈ ఆలోచన ఎవరిదని అడిగాడు. తనదేనని చెప్పింది. నలభై ఏళ్లలో ఇలా సొంతంగా కొలిచి చూసిన విలేకరిని చూడలేదని అతను అన్నప్పుడు ఆమె ఆ మాటను మనసులో మళ్లీ ఒకసారి చెప్పుకుంది. ఇంట్లో భర్త కూడా ఆ పళ్లేలను చూసి నవ్వినవాడే.

తర్వాత అతను పెన్సిలు తీశాడు. రాళ్లవాగులో కట్టెల పొయ్యిలున్నాయా? ఉన్నాయి. ఊరి రోడ్డు మట్టిదా? మట్టిదే. మల్సూర్ బీడీ తాగేవాడా? మానేసిండు సార్. ఎన్నేళ్లు తాగాడు? చాలా ఏండ్లు. అతని ఎక్స్‌రేను ఊపిరితిత్తుల నిపుణులెవరైనా చూశారా? లేదు. మిగతా ఆరుగురివి? వాళ్లకు ఎక్స్‌రేలే తీయలేదు. పళ్లేలు ఎన్ని రోజులు ఉంచావు? ఒక్క రోజు. ఆ రోజు గాలి ఎటు వీచింది? ఆమెకు గుర్తులేదు.

అడిగిన ప్రతి ప్రశ్నా న్యాయమైనదే. ఒక్కో ప్రశ్నకూ ఆమె వార్తలో ఒక్కో వాక్యం కింద పెన్సిలు గీత పడింది. చివరికి గీత పడని వాక్యాలు నాలుగైదు మిగిలాయి.

"ఈ పరీక్షలన్నీ చేయించాల్సింది ఎవరు సార్?" అని అడిగింది వందన.

కాశీరాం కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మంచి ప్రశ్నమ్మా. కానీ అది సైన్స్ ప్రశ్న కాదు."

మర్నాడు క్లాసులు అయ్యాక ఇద్దరూ కూర్చుని వార్తను తిరగరాశారు. మనకు తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడమే సైన్స్ రాసేవాళ్ల మొదటి మర్యాద అని, దాన్ని మొదటి వాక్యంలోనే పెడితే ఇక నీ మాట ఎవరూ కొట్టేయలేరని అతను నమ్మకంగా చెప్పాడు. వందన ఆలోచించి ఇలా మొదలుపెట్టింది: 'రాళ్లవాగు కార్మికుల దగ్గుకు గని దుమ్మే కారణమని చెప్పడానికి ప్రస్తుతం శాస్త్రీయ ఆధారాలు లేవు. ఎందుకు లేవంటే, ఇప్పటిదాకా ఎవరూ వెతకలేదు.'

కాశీరాం రెండో వాక్యాన్ని వేలితో తట్టి, "నీ వార్తంతా ఇక్కడుంది," అన్నాడు. మర్నాటి అవార్డుల పోటీకీ, సాగర్‌కూ ఆ ప్రతినే పంపించారు.

గురువారం మిర్యాలగూడలో సభ. త్రిపురారం బడిలో టీచరుగా చేస్తున్న భర్త స్టీఫెన్ స్కూలు నుంచి నేరుగా ఫంక్షన్ హాలుకు వచ్చి, వెనక వరసలో కూర్చున్నాడు. ఉత్తమ శాస్త్రీయ కథనం అంటూ మైకులో తన పేరు వినిపించినప్పుడు వందన మొదట లేవలేదు. పక్కావిడ భుజం తడితే లేచింది. వేదిక మీద శాలువా కప్పారు, చేతిలో బరువైన గాజు జ్ఞాపిక పెట్టారు. కంపెనీ పెద్దమనిషి మైకు అందుకుని, తమను ప్రశ్నించిన కథనానికే తాము అవార్డు ఇస్తున్నామని, సైన్స్ మీద తమకున్న గౌరవం అలాంటిదని చెప్పాడు. హాలంతా చప్పట్లు. కాశీరాం లేచి నిలబడి మరీ కొట్టాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

బండి మీద తిరిగొస్తుంటే, వాళ్ల చేతుల మీదుగా తీసుకున్నప్పుడు ఎట్లనిపించిందని స్టీఫెన్ అడిగాడు. మంచిగనే అనిపించిందని వందన చెప్పింది. అది నిజం. పుట్టి బుద్ధెరిగాక అంతమంది తన కోసం చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. అచ్చులో పడితే రాళ్లవాగుకు డాక్టర్లొస్తారని, ఎక్స్‌రేలు తీస్తారని దారి పొడవునా అనుకుంటూనే వచ్చింది.

శుక్రవారం పొద్దున పేపరు వచ్చింది. జిల్లా పేజీలో సగం దాకా ఫొటో: శాలువాతో తను, పక్కన కంపెనీ పెద్దమనిషి. దాని కింద శీర్షిక, 'గని దుమ్ముతో దగ్గు: ఆధారాలు లేవు'. కింద ఆమె వార్త మూడు పేరాలుంది. మొదటి వాక్యం ఉంది. రెండో వాక్యం లేదు. పళ్లేల సంగతి ఒక వాక్యంలో, 'ప్రాథమిక ప్రయత్నం' అన్న మాటతో ముగిసింది. మల్సూర్ పేరు ఎక్కడా లేదు. కొందరు కార్మికులు అని ఉంది.

వందన సాగర్‌కు ఫోన్ చేసింది. అతను స్థలం సరిపోలేదని, ఫొటో పెద్దది పెట్టాలని పైనుంచి చెప్పారని అన్నాడు. ఆమె రెండో వాక్యం ఏమైందని అడిగింది. మళ్లీ అడిగింది.

"నేను ఒక్క అక్షరం కలపలే వందనా," అన్నాడు సాగర్, కొంచెం నొచ్చుకున్న గొంతుతో. "కోసిన. అంతే."

కాశీరాంకు చేసింది. అతను వేరే ఊళ్లో మరో శిక్షణలో ఉన్నాడు. అంతా విని, చాలా తప్పు జరిగిందని, ఇవాళే సంపాదకుడికి ఉత్తరం రాస్తానని చెప్పాడు. రాసే ఉంటాడు. అది మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు.

మర్నాడు శనివారం. గని విస్తరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ. ఆ తారీఖు నెల కిందటే ఖరారైంది. వందనకు తెలుసు, తన వార్త దానికి ముందే రావాలని నెల రోజులుగా సాగర్ వెంట పడింది కూడా. వార్త ముందే వచ్చింది.

మేళ్లచెరువు శివారు ఖాళీ జాగాలో షామియానా వేశారు. ముందు వరసల్లో పాలకీడు నుంచి, ఇంకా చుట్టుపక్కల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చిన వాళ్లు. రాళ్లవాగు జనం పనులు మానుకుని వచ్చేసరికి వెనక వరసలే మిగిలాయి. మల్సూర్‌ను సోమమ్మ భుజం పట్టుకుని నడిపించుకొచ్చింది. ఇద్దరూ వందనను చూసి తలూపారు. వాళ్లు పేపరు చూశారో లేదో ఆమెకు తెలియలేదు.

కంపెనీ తరఫున మాట్లాడిన వకీలు విస్తరణతో వచ్చే ఉద్యోగాల గురించి చెప్పి, దుమ్ము మీద అపోహలున్నాయని, వాటికి తాము జవాబు చెప్పబోమని, ఈ ప్రాంతపు బిడ్డే చెప్పిందని అన్నాడు. జేబులోంచి పేపరు ముక్క తీశాడు. స్వయంగా ల్యాబు టెక్నీషియన్, స్వయంగా రాళ్లవాగులో కొలతలు తీసిన విలేకరి, శాస్త్రీయ కథనానికి అవార్డు పొందిన మనిషి అని పరిచయం చేసి, ఆమె మొదటి వాక్యాన్ని పైకి చదివాడు. బాగా చదివాడు. ఆ ముక్కను విచారణ అధికారి టేబులు మీద పెట్టాడు. గుమాస్తా దానికి పిన్ను కొట్టి నంబరు వేశాడు.

వందన లేచి మైకు దగ్గరికి వెళ్లింది. తన వార్తలో రెండో వాక్యం ఉందని, దాన్ని తీసేశారని చెప్పింది. అధికారి ఆమెను శ్రద్ధగానే విన్నాడు. అచ్చయిన దాంట్లో ఆ వాక్యం ఉందా అని అడిగాడు. లేదంది. పళ్లేలతో తూచే పద్ధతికి ఎక్కడైనా గుర్తింపు ఉందా అన్నాడు. లేదంది. కార్మికుల జబ్బు దుమ్ము వల్లనేనని ఏ డాక్టరైనా రాసిచ్చాడా అన్నాడు. లేదంది. ఆయన అడిగినవన్నీ ఆమె మూడు రోజులు నేర్చుకున్న ప్రశ్నలే. జవాబులు కూడా నేర్చుకున్నవే. ముందు వరసలో ఎవరో నవ్వారు. ఒక్కొక్కరికీ ఇచ్చే రెండు నిమిషాలు అయిపోయాయని గుమాస్తా చేయెత్తాడు.

తర్వాత మల్సూర్ లేచాడు. మైకు దాకా పోవడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి, కుర్చీ వెనక పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. మైకు ముందు నిలబడ్డాక కూడా మాట రాలేదు. ఆ ఊపిరి చప్పుడు మాత్రం షామియానా అంతా వినిపించింది.

"ఆ చెల్లె తెల్వదని రాసింది," అన్నాడు. "ఆమెకు తెల్వదు, నిజమే. ఆమె క్రషర్ కాడ నిలవడలే. నేను నిలవడ్డ, పదహారేండ్లు. పొద్దుగూకితె ఉమ్మి తెల్లగ పడేది. అన్నంల దుమ్ము, నీళ్లల దుమ్ము. నాకు తెల్సు. తెల్సినోన్ని ఎవలు అడగలే."

ఇంకా ఏదో చెప్పబోయాడు. దగ్గు తెర కమ్మింది. సోమమ్మ పరుగున వచ్చి అతని వీపు పట్టుకుంది. అధికారి నీళ్లు ఇప్పించమన్నాడు. దగ్గు తగ్గేసరికి అతని రెండు నిమిషాలూ అయిపోయాయి. తర్వాతి పేరు పిలిచారు.

సభ ముగిశాక వందన గుమాస్తా పక్కన నిలబడి ల్యాప్‌టాప్‌లో చూసింది. మల్సూర్ చెప్పిందంతా 'ఒకరు ఆరోగ్య సమస్యలు ప్రస్తావించారు' అని ఒక్క వరసలో ఉంది. ఆమె పేరు రెండు చోట్ల ఉంది. అభ్యంతరాల్లో ఒకసారి, విస్తరణకు అనుకూలంగా అందిన పత్రాల్లో ఒకసారి. రెండోది తీసేయమని అడిగింది. కావాలంటే ఇప్పుడే రాసిస్తానంది.

"గది మీరు మాట్లాడింది కాదమ్మా, మీరు రాసింది," అన్నాడు గుమాస్తా, చార్జరు చుట్టుకుంటూ. "మాట్లాడింది కాదంటె కాదని రాసుకుంటం. రాసింది వాపస్ తీసుకునుడు ఉండదు."

ఆమె తిరిగి వచ్చేసరికి మల్సూర్ చివరి కుర్చీలో వంగి కూర్చున్నాడు. చుట్టూ పనివాళ్లు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. తను రాసింది అట్ల కాదని, సగం కోసేసిన్రని, మొదటిసారి అతనికి చెప్పింది. అతను తలూపాడు. కోపం లేదు. సోమమ్మ మాత్రం మొహం తిప్పుకుని దూరంగా లారీలు పోతున్న రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

"నాదొక కాయితం రాసిపెట్టు చెల్లె," అన్నాడు మల్సూర్. "రాసిందే లెక్కల పడ్తదంట గద."

వందన నోటుపుస్తకంలోంచి కాగితం చించి, మోకాలి మీద పెట్టుకుని, ఏం రాయాలని అడిగింది. అతను ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. తన పేరు. పనిచేసిన ఏండ్లు. మిగిలిన ఆరుగురి పేర్లు. ఆఖరున, నా దమ్ము దుమ్ము వల్లనే పోయింది, నాకు తెలుసు అని రాయమన్నాడు. ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. ఆ వాక్యం కింద గీత గీసే పెన్సిలు ఆమె కళ్లకు కట్టింది. అయినా అతను చెప్పింది చెప్పినట్టే రాసింది. మల్సూర్ కలం తీసుకుని, హాజరుపట్టీ కోసం ఎప్పుడో నేర్చుకున్న సంతకం అక్షరం అక్షరంగా పెట్టాడు.

తలెత్తేసరికి అధికారి కారు కదిలింది. వెనక జీపులో గుమాస్తా కాగితాల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వందన కాగితం పట్టుకుని పరుగెత్తింది. జీపు ఆగింది గానీ, అర్జీలు తీసుకునే టైము ఖతమైందని, హైదరాబాదు ఆఫీసుకు పోస్టు చేసుకోవచ్చని అతను కిటికీలోంచి చెప్పాడు. తీసుకుంటారా అని అడిగితే, తనకు తెల్వదన్నాడు. జీపు వెళ్లిపోయింది.

ఆమె వెనక్కి వచ్చింది. సోమవారం తనే రిజిస్టర్ పోస్టులో పంపిస్తానని చెప్పింది.

మల్సూర్ చేయి చాపాడు. ఆమె ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"వద్దులే చెల్లె. నా కాడనే ఉండనియ్యి," అన్నాడు. "నీ చేతికొస్తె మళ్ల ఎవలన్న కోస్తరు."

అతను నిష్ఠూరంగా అనలేదు. వాన వచ్చేట్టుంది అన్నట్టు అన్నాడు. సోమమ్మ అతని చంక కింద చేయి వేసి లేపింది. బండి మీద దింపుతానని వందన అంటే, ఆటో ఉన్నదని, నువ్వు పొమ్మని సోమమ్మ చెప్పింది. ఇద్దరూ రోడ్డు వైపు నడిచారు. పది అడుగులకోసారి ఆగుతున్నారు. ఆగిన ప్రతిసారీ మల్సూర్ వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటున్నాడు. వాళ్లు ఆటో ఎక్కేదాకా వందన అక్కడే నిలబడింది. ఆమె ఆనుకున్న షామియానా గుంజను పీకాలని, జర పక్కకు జరగమని పనివాళ్లు అడిగారు. ఆమె జరిగింది.